తొమ్మిదో ఇంద్రియం

ముక్కుతో మొదలుపెట్టాలి, ఎందుకంటే ముందుగా లొంగిపోయేది అదే. ఊపిరి ఆపలేం కనుక వాసననూ ఆపలేం. కానీ దానికి పేరు పెట్టకుండా ఉండొచ్చు. పేరు పెట్టనంతసేపూ అది ఎవరిదో వాసన, ఎక్కడిదో వాసన. తరువాత నాలుక. దాన్ని అంగిలికి ఆనించి అక్కడే మరిచిపోవాలి. కన్ను అన్నిటికంటే సులువు, దానికి రెప్ప ఉంది. చర్మం మొండిది. పొట్ట మీద ఎడమవైపు గోరువెచ్చని తడిగుడ్డ తిరుగుతోంది. తిరిగితే తిరగనీ, పొట్ట వేరు, తను వేరు. ఇక మిగిలింది చెవి. చెవికి రెప్ప లేదు, తలుపు లేదు. దాన్ని మూయాలంటే లోపల ఇంకో చప్పుడు పుట్టించాలి.

అతను లోపల పాఠం చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

పాఠం ఎప్పుడూ ఒకటే. జ్ఞానేంద్రియాలు ఐదు: చెవి, చర్మం, కన్ను, నాలుక, ముక్కు. లోకం మన లోపలికి వచ్చేది వీటి గుండా. కర్మేంద్రియాలు ఐదు: మాట, చేయి, పాదం, ఇంకో రెండు. మనం లోకంలోకి వెళ్ళేది వీటి గుండా. శనివారం సాయంత్రాలు, కింద కళ్ళజోళ్ళ దుకాణం మూసేశాక, పైన ఈ ఇంటి ముందుగదిలో చాప మీద కూర్చున్నవాళ్ళ చేత ఒక్కో ఇంద్రియాన్నీ కుడిచేత్తో తాకిస్తూ పేరు చెప్పించేవాడు. చెవి తమ్మె, ముంజేయి, కనురెప్ప, పెదవి, ముక్కు కొన. ఎనిమిదోది పాదం. పాదాన్ని తాకిన చేయి పైకి వచ్చి, ఒడిలో రెండో చేతి మీద పడుకునేది. "తక్కిన రెండూ అలాగే" అనేవాడు. ఎవరూ అడిగేవారు కాదు. పాయువు, అంటే విడిచిపెట్టే శక్తి. ఉపస్థ, అంటే పుట్టించే శక్తి. శాస్త్రంలో మాటకు ఎంత చోటుందో వాటికీ అంతే ఉంది. అతని గదిలోనే లేదు. ఆ తరగతికి పకోడీల కోసం వచ్చే పిల్లిలా గుమ్మంలో నిలబడి వినే బావమరిది ఒకసారి అననే అన్నాడు: "బావా, నీ లెక్కలో మనిషికి ఎనిమిదే. మిగతా రెండూ ఎక్కడ దాచావు?" అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వి తొమ్మిదోది దాటేశాడు.

ఇప్పుడు ఆ తొమ్మిదోదే పొట్ట మీదికి వచ్చి కూర్చుంది.

నాలుగు నెలల కిందట డాక్టర్లు అతని పేగు కింది భాగాన్ని, అందులో పెరిగిన గడ్డతో సహా కోసి తీసేశారు. కింది దారి కుట్టేశారు. మిగిలిన పేగు కొసను బొడ్డుకి ఎడమవైపు బయటికి తెచ్చి చర్మానికి కలిపి కుట్టారు. దాని చుట్టూ అంటుకునే బిళ్ళ, ఆ బిళ్ళకు సంచి. సంచి ఖాళీ చేయడం అతను గోడ టైల్స్ వైపు చూస్తూ, తడుముకుంటూ నేర్చుకున్నాడు. బిళ్ళ పీకి, కడిగి, కొత్తది అంటించడం మాత్రం భార్య చేస్తుంది. మూడు నాలుగు రోజులకోసారి అతను బాత్‌రూమ్‌లో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, చొక్కా అంచు గడ్డం కింద అదిమిపట్టి, కళ్ళు మూసుకుంటాడు. ఇంతవరకూ దాన్ని చూడలేదు. ఒక్కసారి కూడా.

మొదట్లో అది భయమే. తరువాత దానికి ఒక పేరు దొరికింది. ఇంద్రియాలను వాటి విషయాల నుంచి వెనక్కి తీసుకోవడాన్ని ప్రత్యాహారం అంటారు. ఇన్నేళ్ళుగా పాఠంలో చెప్పినదాన్ని ఇప్పుడు సాధన చేస్తున్నాను, అనుకున్నాడు. పేరు దొరికాక భయం కూడా పద్ధతిగా కనిపించింది. వారం వారం పట్టు చిక్కుతోంది. ముందు వాసన పోయింది. తరువాత తడి పోయింది. ఈరోజు చెవి కూడా, ఇదిగో, ఇప్పుడే, ఎక్కడో దూరంగా నీళ్ళు పడుతున్న చప్పుడు, ఆ చప్పుడు కూడా...

"అయితే రానని చెప్పేస్తాను."

అతను కళ్ళు తెరిచాడు. భార్య అటు తిరిగి చేతులు కడుక్కుంటోంది. కొత్త సంచి అప్పటికే అంటించి ఉంది.

"ఎవరికి?"

కుళాయి కింద ఆమె చేతులు ఆగిపోయాయి. "ఎవరికేంటండీ? ఇంతసేపూ నేను మాట్లాడింది ఎవరితో, ఈ బకెట్టుతోనా?"

"ఏం చెప్పావు?"

ఆమె తిరిగి అతని ముఖంలోకి చూసింది. వేళాకోళం చేస్తున్నాడేమోనని చూసినట్టుంది. చేయడం లేదని తెలిశాక కుళాయి కట్టేసింది.

"పొద్దున అల్లుడు ఫోన్ చేశాడు. పిల్లకి బీపీ బాగా పెరిగిందట. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఇంకా నెల ఉన్నా ఆగడానికి లేదట, రేపు పొద్దున్నే కోసి బిడ్డని తీస్తారట. అమ్మని పంపమని ఏడుస్తోంది. మధ్యాహ్నం మూడింటి బండికి వెళ్ళనా అని అడిగాను మిమ్మల్ని. మళ్ళీ అడిగాను. ఇంకోసారి అడిగాను. మీరు ఉలకలేదు, పలకలేదు. వద్దనేమో అనుకున్నాను."

అతనికి ముందుగా కలిగింది సంతోషం. చెవి కూడా లొంగిందన్నమాట. ఆ సంతోషం ఎంతోసేపు లేదు, ఒక ఊపిరంత. కానీ కలిగిందన్నది నిజం. ఆ తరువాత కూతురి ముఖం గుర్తుకొచ్చింది, అది కూడా కాస్త ఆలస్యంగా, ఎవరో చెబితే గుర్తుకొచ్చినట్టు. నిజంగా వినపడలేదా? లేక విని, ఆ మాటకు కూడా పేరు పెట్టకుండా వదిలేశానా? లోపల ఎంత వెతికినా తేడా దొరకలేదు. అతన్ని భయపెట్టింది అదే.

"వినపడలేదు" అన్నాడు.

"రెండు చెవులూ ఉన్నాయి కదండీ" అని ఆమె పాత సంచిని కాగితంలో చుట్టి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

ముందుగదిలో బావమరిది కుర్చీ మీద కాళ్ళు మడిచి కూర్చుని టీ తాగుతున్నాడు. కింద దుకాణంలో కొనేవాళ్ళతో మాట్లాడేది, ఫ్రేములు అమ్మేది అతనే. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టేది బావ. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ పని బయట ఎవరిచేతో చేయిస్తున్నారు. అక్క ముఖం చూసి టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏమైందక్కా? వెళ్తున్నావా?"

"మీ బావకి చెవులు పనిచేస్తే చెబుతాను."

"వెళ్ళాలి కదా మరి" అన్నాడు బావ, ఆమె వెనకే ముందుగదిలోకి వచ్చి, గోడవైపు చూస్తూ. "వెళ్ళు. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటారు?" ఆమె సూటిగా అడిగింది. "చూడటమే కదా మీరు చెయ్యనిది. పదిహేను ఇరవై రోజులు రాలేను. నాలుగో రోజుకి బిళ్ళ ఊడిపోతుంది. అప్పుడేం చేస్తారు?"

"ఇళ్ళకొచ్చి చేసే నర్సులుంటారు బావా. నేను మాట్లాడతాను" అన్నాడు బావమరిది.

"కొత్తవాళ్ళ ముందు నేను చొక్కా ఎత్తను."

"పోనీ నేను చేస్తాను. రోజూ మనుషుల ముఖాలకి కొలత చూసి తగిలిస్తున్నాను కదా, ఇదీ అలాంటిదే. కావాలంటే రెండు మూడు రంగులు చూపిస్తాను, నచ్చింది పెట్టుకుందువు గాని."

"నోర్ముయ్‌రా."

"వాడెందుకు నోరు మూసుకోవాలి?" అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "వాడు కనీసం కళ్ళు తెరుచుకుని మాట్లాడుతున్నాడు. ఒక్కటి అడుగుతాను చెప్పండి. ఈ ఊళ్ళో ఎవరి అద్దమైనా వెంట్రుకవాసి తేడా వస్తే మళ్ళీ చేసిస్తారు. మీ బిళ్ళకి రంధ్రం నేను కత్తిరిస్తున్నాను, నాకు వంకరగా వస్తోంది, పెద్దదవుతోంది, చుట్టూ చర్మం పుండులా అయింది. చెబితే మీరు కళ్ళు మూసుకుంటారు. అదేదో అంటారే, లోపలికి లాగేసుకోవడం. మీవన్నీ మీరు లాగేసుకుంటే మీ ఒళ్ళెవరిదండీ? నాదా? నాకూ ముక్కుంది. నేనెక్కడికి లాక్కోను?"

బావమరిది గ్లాసు అడుగున టీ ఆకుల్ని పరీక్షగా చూస్తున్నాడు.

ఫోన్ మోగింది. ఆమె తీసి, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"అమ్మా, బయలుదేరావా?" కూతురి గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది.

"నాన్నగారు ఇక్కడే ఉన్నారు, మాట్లాడు."

"నాన్నా, ఎలా ఉన్నావు? తిన్నావా?"

"నా సంగతి వదిలెయ్యి. నీకెలా ఉంది?"

"ఎలా ఉంటాను, నా ఒళ్ళు నాది కాదు ఇక్కడ. ఎవరొస్తే వాళ్ళు దుప్పటి ఎత్తి చూసిపోతున్నారు. పొద్దున ఊడ్చే ఆవిడ కూడా చూసి, బాగానే ఉందమ్మా అంది." ఆమె నవ్వబోయింది, అది మధ్యలో విరిగింది. "నిన్నంతా సిగ్గుతో చచ్చాను. ఇవాళ ఏం అనిపించడం లేదు నాన్నా. భయం ఒకటే. రేపు లోపలికి తీసుకెళ్ళేటప్పుడు అమ్మ గుమ్మం దాకా ఉంటే చాలు. నీకు ఇబ్బంది అవుతుందని తెలుసు..."

"ఇబ్బందేం లేదమ్మా" అన్నాడు. ఆ మాట నోటికి ఎంత సులువుగా వచ్చిందో అతనికే వింతగా తోచింది. వాక్కు మొదటి కర్మేంద్రియం. చెయ్యి కదలకపోయినా అది పని చేసినట్టే కనిపిస్తుంది.

ఫోన్ పెట్టేశాక భార్య అతని వైపు చూడలేదు. పడకగదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. బట్టలు తీస్తోందో, మళ్ళీ లోపల పెట్టేస్తోందో తెలియలేదు.

"పద బావా, కాసేపు కిందికి" అన్నాడు బావమరిది. "ఇక్కడుంటే ఇద్దరికీ తిట్లే."

నాలుగు నెలల తరువాత మెట్లు దిగాడు. దుకాణం వెనక చిన్న గది అలాగే ఉంది. అరగదీసే చక్రం, దాని మీదికి బొట్లుగా పడే నీళ్ళు, పక్కనే తెల్లని గాజుబురద గడ్డకట్టిన డబ్బా. అతని స్టూలు మీద ఎవరో ఫ్రేముల అట్టపెట్టెలు పేర్చారు. వాటిని దించి కూర్చున్నాడు. ఒక గుమాస్తాకి చదువుకునే అద్దాలు మధ్యాహ్నానికి ఇవ్వాలట. ఆయన బయట కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. అద్దం పట్టుకుని చక్రానికి ఆనించాడు. చక్రం సన్నగా కూసింది. కన్ను చూడకముందే బొటనవేలికి అంచు తెలుస్తుంది, ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ చాలో. చేయి పనిచేస్తుంటే మనసు ఎప్పుడూ ఇలాగే దారి తప్పుతుంది.

అతనికి ఆరేళ్ళప్పుడు బడిలో నిక్కరు పాడైంది. మాస్టారిని అడగడానికి సిగ్గుపడి బిగబట్టి, బిగబట్టి, చివరికి చేతకాలేదు. రోడ్డు అంచున, గోడల్ని రాసుకుంటూ ఇంటికి నడిచాడు. అమ్మ పెరట్లో కుళాయి కింద నిలబెట్టి కడిగింది. తిట్టలేదు. ఒక్క మాటైనా అనలేదు. ఆ మౌనంలో అమ్మ ముఖం ఎలా ఉందో చూడటానికి ధైర్యం లేక కళ్ళు మూసుకున్నాడు. ఆ వేళ ఆ ముఖం ఎలా ఉండిందో అతనికి ఇప్పటికీ తెలియదు. చూడని ముఖం అన్ని ముఖాల కంటే కోపంగా ఉంటుంది. దాన్ని చల్లార్చడానికేనేమో అంత శాస్త్రం చదివాడు, అన్ని శనివారాలు మాట్లాడాడు.

పొట్టలోంచి చప్పుడు వచ్చింది. పొడవుగా, తడిగా, ఎవరో తడిబట్ట చించినట్టు. అది అతన్ని అడిగి రాదు. బిగబట్టడానికి అక్కడ కండరం లేదు. చక్రం ఆగి ఉంది ఆ క్షణంలో. బయట కుర్చీలో గుమాస్తా పేపరులోంచి తలెత్తాడు.

"ఈ చక్రానికి నూనె వెయ్యాలి బావా" అన్నాడు బావమరిది గట్టిగా. గుమాస్తాతో, "పాత మిషన్ సార్, దానికి మాట్లాడ్డం అలవాటు" అన్నాడు.

"మా ఇంట్లో ఫ్యాను కూడా అంతే" అని గుమాస్తా మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయాడు.

అంతే. ఆకాశం విరిగిపడలేదు. ఒక మనిషి తలెత్తాడు, తలదించుకున్నాడు. అతనికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఆశ్చర్యం లాంటిది వచ్చింది. ఇంద్రియం అంటే కనిపించే అవయవం కాదని ఎన్నిసార్లు చెప్పాడు! కనిపించేది గూడు మాత్రమేనని, గుడ్డులాంటి కన్ను చూడదని, చూసే శక్తి దాని వెనక ఉంటుందని. కంటి గురించి చెప్పడానికి ఎప్పుడూ నోరు తడబడలేదు. విడిచిపెట్టే శక్తి గురించి అదే మాట ఎందుకు చెప్పలేదు? గూడు చెడింది, శక్తి చెడలేదు. దారి మూస్తే ఇంకో దారి పట్టింది. నాలుగు నెలలుగా అతను కళ్ళు మూసుకున్న ప్రతిసారీ అది తన పని తాను చేస్తూనే ఉంది. మొత్తం పదింటిలో పనికి ఎగనామం పెట్టింది అది కాదు.

ఇంతలో చొక్కా కింద వెచ్చగా ఏదో పాకింది. ముందు చర్మానికి తెలిసింది, తరువాత ముక్కుకి. పొద్దున అంటించిన బిళ్ళ అంచు లేచింది. వంకర రంధ్రం, పుండు పడ్డ చర్మం, కూతురి బెంగలో ఉన్న భార్య చేతులు, అంటుకోకపోవడంలో వింతేముంది? అతను అద్దాన్ని తుడిచి, జాగ్రత్తగా అట్ట మీద పెట్టి, లేచాడు.

"బావా?"

"రెండో అద్దం సాయంత్రం చేస్తాను. ఆయన్ని మళ్ళీ రమ్మను."

మెట్లు ఎక్కుతుంటే పొట్టకు చేయి అడ్డం పెట్టుకున్నాడు. పడకగదిలో మంచం మీద చిన్న సూట్‌కేసు తెరిచి ఉంది. పక్కనే భార్య రెండు చీరలు ఒడిలో పెట్టుకుని, వాటిని ఎటు పెట్టాలో తేల్చుకోలేనట్టు కూర్చుంది. అతన్ని చూసింది, చొక్కా మీద మరక చూసింది. చీరలు పక్కన పెట్టి లేచింది. ఆ లేవడంలో కోపం లేదు. అలవాటు ఉంది. అలవాటే అతనికి ఎక్కువ బాధ కలిగించింది.

"నువ్వు కూర్చో. సర్దుకో" అన్నాడు.

"కారిపోతోంది కదండీ."

"కారనీ. బండి మూడింటికే కదా?"

ఆమె అతని వెనకే వచ్చి బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. అతను చొక్కా పూర్తిగా విప్పేశాడు. బకెట్టులో నీళ్ళు పట్టాడు, వేడినీళ్ళు కలిపాడు, మోచేత్తో వేడి చూశాడు. గుడ్డలు, కత్తెర, కొత్త బిళ్ళ ఎక్కడుంటాయో అడిగాడు. "అద్దం వెనక అరలో" అంది. ఇన్ని రోజులుగా తన ఒంటికి కావలసినవి ఎక్కడుంటాయో కూడా తెలియకుండా బతికాడన్నమాట.

స్టూలు మీద కూర్చున్నాడు.

"నేను చెయ్యి వెయ్యనా?"

"వద్దు. నా దగ్గరచూపు కళ్ళజోడు తెచ్చిపెట్టు."

ఆమె కదల్లేదు. అతని మాట సరిగ్గా విన్నానా అన్నట్టు కాసేపు చూసింది. తరువాత దాదాపు పరుగెత్తినట్టే వెళ్ళి, కళ్ళజోడు తెచ్చి, కొంగుతో తుడిచి చేతికిచ్చింది. ఇచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుంది.

బిళ్ళ అంచు కింద గోరు దూర్చి మెల్లగా లాగాడు. కళ్ళు మూసుకోబోయాయి. అవి మూసుకోవాలనుకోవడం అతనికి స్పష్టంగా తెలిసింది, ఎవరో పక్కనుంచి రెప్పలు కిందికి లాగుతున్నట్టు. ముక్కు తన పని తాను చేసింది. అది తన వాసన. పేరు పెట్టాడు. తలవంచి చూశాడు.

నాలుగు నెలలు ఊహించింది అక్కడ లేదు. ఎర్రని, తడిసిన, చిన్న గుండ్రని ముద్ద. పెదవి లోపలి భాగం ఎలా ఉంటుందో అలా ఉంది. అతను చూస్తుండగానే అది తనంతట తాను కొంచెం ముడుచుకుని, మళ్ళీ వదులయింది. ఎవరి ఆజ్ఞా లేకుండా, ఎవరి మీదా కోపం లేకుండా. దాని చుట్టూ చర్మం మాత్రం కమిలిపోయి, ఒకచోట నీరు ఊరుతోంది. ఆ మంటని కూడా అతను ఇన్నాళ్ళూ ఎవరిదో అనుకున్నాడు.

"నొప్పిగా ఉందా?" అంది భార్య.

"చర్మం మండుతోంది. దీనికేం తెలియదట, డాక్టరు చెప్పాడుగా, తాకినా తెలియదట."

చెప్పడం అయితే చెప్పాడు. చేయి మాత్రం గాలిలోనే ఆగింది. మాట చాలాసార్లు దాటి వెళ్ళిన చోటికి చేయి ఇంకా చేరలేదు. బయట బావమరిది మెట్లెక్కి వస్తున్న చప్పుడు, "అక్కా, ఆటో పిలవనా?" అన్న కేక వినపడ్డాయి. ఆమె భర్త చేతినే చూస్తోంది.

అతను గుడ్డను గోరువెచ్చని నీళ్ళలో ముంచాడు. పిండాడు. ఎడమచేతి వేలితో ఆ ఎర్రని కొసను సున్నితంగా పక్కకి పట్టి, దాని చుట్టూ కమిలిన చర్మాన్ని తనే తుడిచాడు.